కొత్త స్టోన్‌ఫ్లై జాతిని వర్ణించడం: వాగు దగ్గర నుంచి ప్రచురణ దాకా

స్టోన్‌ఫ్లైలు ప్లెకోప్టెరా క్రమానికి చెందిన కీటకాలు. వీటి పిల్ల దశ పారే నీటిలో, రాళ్ల సందుల్లో గడుస్తుంది. రెక్కలొచ్చాక కొద్ది రోజులో, కొద్ది వారాలో బతుకుతాయి. నీటిలో ఆక్సిజన్ తగ్గినా, వాగులోకి మురుగు చేరినా ముందుగా మాయమయ్యే పురుగుల్లో ఇవి ఉంటాయి. పేరు లేని జాతి ఏ పర్యావరణ నివేదికలోనూ లెక్కకు రాదు. అందుకే ఈ వర్ణన పని వాయిదా వేయదగ్గది కాదు.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది పెర్లిడే కుటుంబంలోని నియోపెర్లా ప్రజాతి. కీటక శాస్త్రవేత్త నీధమ్ 1905లో దీన్ని ఏర్పరిచాడు. ఆసియాలో, ఆఫ్రికాలో, ఉత్తర అమెరికాలో దీని జాతులున్నాయి. దక్షిణ భారతంలోని కొండ వాగుల్లో కనిపించే పెర్లిడేలలో నియోపెర్లా, ఫానోపెర్లా ముఖ్యమైనవి. రెండింటికీ తల మీద రెండే ఒసెల్లై, అంటే చిన్న సాదా కళ్లు, ఉంటాయి.

రంగును, రెక్కల పొడవును చూసి నియోపెర్లా జాతిని తేల్చడం కుదరదు. ఉత్తర అమెరికాలో దొరికినవాటిని చాలాకాలం క్లైమెనె అన్న ఒక్క పేరు కిందే చేర్చుతూ వచ్చారు. 1978లో స్టార్క్, బౌమన్ అనే పరిశోధకులు మగ పురుగుల ఈడియాగస్‌ను, అంటే వీర్యాన్ని చేరవేసే అవయవాన్ని, దానితోపాటు గుడ్లను పోల్చి చూశారు. ఆ ఒక్క పేరు కింద అనేక జాతులు బయటపడ్డాయి. ఈ మార్గదర్శి మొత్తానికీ ఆధారం అదే: ఈడియాగస్ చూడకుండా, వీలైతే గుడ్డు చూడకుండా, నియోపెర్లాలో కొత్త జాతి అని రాయకండి.

ముందు అనుమతులు

అభయారణ్యంలో గానీ జాతీయ ఉద్యానవనంలో గానీ పురుగులు పట్టాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. పాపికొండల జాతీయ ఉద్యానవనంలోని వాగు అయినా, నల్లమలలోని పులుల అభయారణ్యంలోని వాగు అయినా ఇదే లెక్క. రిజర్వు అడవికి అటవీ శాఖ అనుమతి తీసుకోండి. అనుమతి పత్రం నంబరు, తేదీ వ్యాసంలో రాయాలి. చాలా పత్రికలు అడుగుతాయి.

2002 జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం కొత్త జాతిని కనుగొన్నవారు దాన్ని ప్రభుత్వం గుర్తించిన భాండాగారానికి తెలియజేసి, నమూనాలను అక్కడ జమ చేయాలి. జంతువుల విషయంలో అలాంటి భాండాగారం జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా. దీని ప్రధాన కార్యాలయం కోల్‌కతాలో ఉంది. హైదరాబాద్‌లో ఉన్న దాని మంచినీటి జీవశాస్త్ర ప్రాంతీయ కేంద్రం మన రాష్ట్రాలవారికి దగ్గర. విదేశీ నిపుణులతో కలిసి పనిచేస్తూ నమూనాలు దేశం దాటించాల్సి వస్తే, చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నియమాలను మొదటి నమూనా పట్టకముందే తేల్చుకోండి. తర్వాత సరిదిద్దుకోవడం చాలా కష్టం.

సామగ్రి

వాగు దగ్గరికి: తెల్ల గుడ్డ, అతినీలలోహిత దీపం లేదా మెర్క్యురీ దీపం, కొమ్మలు తట్టేటప్పుడు కింద పట్టుకునే గుడ్డ, నీటిలో వాడే వల, 80 శాతం, 95 శాతం ఇథనాల్, మూత గట్టిగా బిగిసే చిన్న సీసాలు, జీపీఎస్, మెత్తని ఫోర్సెప్స్, చిన్న ఫ్లాస్కు నిండా మరిగే నీళ్లు.

బల్ల మీదికి: స్టీరియో మైక్రోస్కోప్, కాంపౌండ్ మైక్రోస్కోప్, కొన బాగా సన్నగా ఉన్న 5వ నంబరు ఫోర్సెప్స్ రెండు జతలు, మైనూషన్ సూదులు (చాలా సన్నని సూదులు), పొటాషియం హైడ్రాక్సైడ్, అసిటిక్ ఆమ్లం, గ్లిజరిన్, క్లోరజాల్ బ్లాక్ రంగు, గుంట ఉన్న గాజు పలకలు, సూక్ష్మ కొలత గీతల స్లైడ్. మైక్రోస్కోప్ కొలత గీతలను ఆ స్లైడుతో సరిచూడకుండా కొలతలు తీయకండి. జూమ్ మార్చినప్పుడల్లా మళ్లీ సరిచూడాలి.

పట్టడం

నియోపెర్లాలు చీకటి పడ్డాక బాగా తిరుగుతాయి, దీపానికి వస్తాయి. వాగు గట్టున నీళ్లకు దగ్గరగా తెల్ల గుడ్డ కట్టి, పొద్దు వాలకముందే దీపం వెలిగించి ఉంచండి. పగలు నీళ్ల మీదికి వాలిన కొమ్మలను తట్టండి, పెద్ద బండల అడుగున వెతకండి. ఒక్క దీపాన్నే నమ్ముకుంటే ఆడవే ఎక్కువ పడి, మగవి దొరకని రాత్రులు ఉంటాయి.

పిల్ల పురుగుల్లో రెక్కల తొడుగులు నల్లబడినవి ఇక బయటికి రావడానికి సిద్ధంగా ఉన్నట్టు. వాటిని వాగు నీళ్లతో, చల్లగా, ఎయిర్ పంపు పెట్టి ఉంచితే గదిలోనే రెక్కలు విప్పుతాయి. అలా పుట్టిన పెద్ద పురుగును, అది వదిలిన కుబుసాన్ని ఒకే సీసాలో పెట్టండి. పిల్ల దశను పెద్ద దశతో ముడిపెట్టడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం లేదు. రెక్కలు విప్పిన వెంటనే చంపకండి. ఒక రోజు ఆగితే ఒళ్లు గట్టిపడి రంగు తేలుతుంది. తొందరపడి ముంచిన పురుగు లేతగా ముడుచుకుపోయి, దాని పలకల ఆకారం తెలియదు.

ఒక్క మగ నమూనాతోనే కొత్త జాతిని ప్రకటించడానికి నియమాలు అడ్డుచెప్పవు. అయినా కనీసం ఐదు మగవి, ఐదు ఆడవి చేతికొచ్చేదాకా ఆగడం మేలు. ఒక్క నమూనాలో కనిపించే తేడా జాతి తేడానో, ఆ పురుగు ఒక్కదాని తేడానో చెప్పలేం.

ప్రతి సీసాలోకీ, లోపలే, ఒక చీటీ వెయ్యాలి: దేశం, రాష్ట్రం, జిల్లా, ఊరు, వాగు లేదా గెడ్డ పేరు, అక్షాంశ రేఖాంశాలు, సముద్రమట్టం నుంచి ఎత్తు, తేదీ, పట్టిన పద్ధతి, పట్టినవారి పేరు. పెన్సిల్ లేదా ఆల్కహాల్‌లో చెరగని సిరా వాడండి. సీసా పైన రాసిన అక్షరాలు ఒక్క ఇథనాల్ చుక్కకు పోతాయి; చీటీ పోయిన నమూనా ఇక దేనికీ పనికిరాదు.

ఆల్కహాల్ విషయం

రూప పరిశీలనకు 80 శాతం ఇథనాల్. డీఎన్ఏకు 95 శాతం లేదా అంతకు మించి. బాగా గాఢమైన ఇథనాల్‌లో పురుగు పెళుసుబారి కాళ్లు ఊడతాయి, పొట్ట ముట్టుకుంటే విరుగుతుంది. అందువల్ల రెండు వరసలుగా భద్రపరచండి: కొన్ని మొత్తంగా 80లో, కొన్ని 95లో. పురుగు ఒంట్లోని నీరు ఆల్కహాల్‌ను పలచన చేస్తుంది కాబట్టి 24 గంటల్లోపు ఒకసారి మార్చాలి. డీఎన్ఏ సీసాలను మైనస్ 20 డిగ్రీల దగ్గర పెట్టండి. లేత పసుపు, ఆకుపచ్చ ఛాయలు ఆల్కహాల్‌లో త్వరగా పోతాయి. ముంచకముందే తల, ప్రోనోటం (తల వెనకే ఛాతీ మీదుండే పలక) కనిపించేలా ఫోటోలు తీసి ఉంచుకోండి.

మగ పురుగు: అసలు పని ఇక్కడే

నియోపెర్లా మగవాటిలో పొట్ట 7వ, 8వ ఖండాల వీపు పలకల మీద పొడుచుకొచ్చిన భాగాలు, 10వ పలక రెండుగా చీలి ఏర్పడిన హెమిటెర్గల్ కొక్కేలు ఉంటాయి. ముందుగా వీటిని పైనుంచి, పక్కనుంచి ఫోటో తీసి, కొలిచి పెట్టుకోండి. కత్తిరించాక ఇవి మళ్లీ అదే స్థితిలో దొరకవు.

ఈడియాగస్‌లో గట్టి గొట్టం ఒకటి, దానిలోకి ముడుచుకుని ఉండే మెత్తని సంచి ఒకటి ఉంటాయి. సంచి మీది ముళ్లు, వాటి పరిమాణం, వరసలు, అవి లేని ఖాళీలు, సంచి వంగిన తీరు: జాతిని చెప్పేవి ఇవే. సంచి లోపలే ఉంటే ముళ్లు ఒకదాని మీద ఒకటి పడి కనిపించి మోసం చేస్తాయి.

సులువైన సమయం పురుగు బతికి ఉన్నప్పుడే. ఎడమ చేత్తో ఛాతీ దగ్గర పట్టుకుని, పొట్టను మొదటి నుంచి చివరికి మెత్తని ఫోర్సెప్స్‌తో మెల్లగా నొక్కుతూ రండి. ఈడియాగస్ బయటికొచ్చి సంచి ఉబ్బగానే, నొక్కు వదలకుండా, పొట్ట చివరను మరిగినంత వేడి నీళ్లలో కొన్ని సెకన్లు ముంచండి. కణజాలం గట్టిపడి అలాగే నిలుస్తుంది. తర్వాత 80 శాతం ఇథనాల్‌లో వెయ్యండి. నొక్కు ముందే వదిలితే సంచి చటుక్కున లోపలికి పోతుంది. గట్టిగా నొక్కితే పొట్ట పక్కన చిట్లి, ఒత్తిడి అటే పోయి సంచి సగమే వస్తుంది. సగం వచ్చిన సంచిని పూర్తిగా వచ్చిందనుకుని బొమ్మ గీయడం వల్ల ఒకే జాతికి రెండు పేర్లు వచ్చే ప్రమాదం ఉంది. అందుకే రెండు మూడు మగవాటిలో ఒకే ఆకారం కనిపించేదాకా నమ్మకండి.

ఆల్కహాల్‌లో ఉన్న పాత నమూనా అయితే ఇలా చేయండి:

1. పొట్టను 5, 6 ఖండాల మధ్య కత్తిరించండి. 7 దగ్గర కోస్తే 7వ పలక ముందు అంచు దెబ్బతింటుంది, పొడవైన గొట్టమైతే తెగిపోతుంది.
2. 100 మిల్లీలీటర్ల నీటిలో 10 గ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్ కలపండి. చేతి తొడుగులు, కళ్లజోడు తప్పనిసరి. నీటిలో గుళికలను వెయ్యండి, గుళికల మీద నీళ్లు పొయ్యకండి.
3. పొట్ట ముక్కను అందులో గది వేడిమిలో ఒక రాత్రి ఉంచండి, లేదా వేడిచేసి 10 నుంచి 30 నిమిషాలు. వేడిచేస్తే ఐదేసి నిమిషాలకు ఒకసారి తీసి చూడాలి.
4. నీళ్లలో రెండుసార్లు కడిగి, ఒక చుక్క అసిటిక్ ఆమ్లం వేసిన నీళ్లలో కొన్ని నిమిషాలు ఉంచండి. ఈ మెట్టు వదిలేస్తే క్షారం నెమ్మదిగా పని చేస్తూనే ఉంటుంది, కొన్ని నెలల్లో ముక్క పారదర్శకమై పాడవుతుంది.
5. కరిగిన కండరాలను సూదితో తోసేసి, ఈడియాగస్‌ను విడదీయండి. గొట్టం చివరి నుంచి సన్నని కొక్కెపు సూది లోపలికి పంపి, సంచి గోడను పట్టి, కొంచెం కొంచెంగా బయటికి లాగండి. ఒకే చోట పట్టి లాగితే చిరుగుతుంది. పట్టు మార్చుకుంటూ ఉండాలి.
6. ముళ్లు లేతగా ఉండి కనిపించకపోతే క్లోరజాల్ బ్లాక్‌లో కొన్ని సెకన్లు ముంచి కడగండి. ఎక్కువసేపు ఉంచితే మొత్తం నల్లబడుతుంది.
7. గ్లిజరిన్‌లో పరిశీలించి, చివరికి చిన్న గాజు గొట్టంలో పెట్టి, ఆ గొట్టాన్ని అదే పురుగు ఉన్న సీసాలోనే ఉంచండి. హోలోటైప్ (కొత్త పేరుకు ఆధారంగా నిలిపే ఒకే ఒక్క నమూనా) ముక్కలను శాశ్వత స్లైడ్ మీద అంటించకండి. తర్వాతివారు దాన్ని తిప్పి చూడలేరు.

డీఎన్ఏ కూడా ఆ పొట్టనుంచే తీయాలనుకుంటే పొటాషియం హైడ్రాక్సైడ్ బదులు 56 డిగ్రీల దగ్గర ప్రోటీనేజ్ కె ద్రావణంలో ఉంచండి. కండరాలు కరిగి డీఎన్ఏ ద్రావణంలోకి వస్తుంది, పెంకు భాగాలు చెక్కుచెదరకుండా మిగులుతాయి. నమూనాలు తక్కువ ఉన్నప్పుడు ఇదే మంచి దారి.

ఆడ పురుగు, గుడ్లు

ఆడదాంట్లో 8వ ఖండం కింది పలకను, అంటే సబ్‌జెనిటల్ ప్లేట్‌ను బొమ్మ గీయండి. నియోపెర్లాలో ఇది చాలా జాతుల్లో పెద్దగా మారదు, ఒక్క దీని మీదే ఆధారపడలేం. గుడ్డే ఎక్కువ చెబుతుంది.

కడుపు నిండిన ఆడదాని నుంచి గుడ్లు తీసి వేరే సీసాలో పెట్టాకే మిగతా పొట్టను క్షారంలో వెయ్యండి. క్షారం గుడ్డు పెంకును చెడగొడుతుంది. పూర్తిగా ఎదిగిన గుడ్డు పెంకు గోధుమరంగులో గట్టిగా ఉంటుంది. తెల్లగా మెత్తగా ఉన్నవాటి మీద చారలు, గుంటలు ఇంకా ఏర్పడవు కాబట్టి వాటిని వర్ణనకు వాడకండి.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌కు పంపేముందు 80, 90, 95, 100 శాతం ఇథనాల్‌లో ఒక్కోదాంట్లో పది నిమిషాల చొప్పున మార్చి, హెక్సామిథైల్‌డైసిలజేన్‌లో ముంచి గాలికి ఆరనివ్వండి. ఈ రసాయనం ఆవిరి హానికరం, ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి. తర్వాత కార్బన్ టేపు మీద అమర్చి బంగారు పూత వేయిస్తారు. మురికి పోవడానికి అల్ట్రాసోనిక్ తొట్టెలో కొన్ని సెకన్లు చాలు. ఎక్కువైతే గుడ్డును రాతికి అంటించే యాంకర్ ఊడిపోతుంది. తీయాల్సిన ఫోటోలు నాలుగు: మొత్తం గుడ్డు, కాలర్ (యాంకర్ ఉండే కొన దగ్గరి అంచు), యాంకర్, వీర్యకణం లోపలికి వెళ్లే మైక్రోపైల్ రంధ్రాలు. గుడ్డు పొడవు, వెడల్పు కనీసం పది గుడ్లకు కొలవండి.

ఈ ఆడది ఆ మగదానికే చెందిందని ఎలా తెలుసు? ఒకే రాత్రి ఒకే దీపానికి రావడం సాక్ష్యం కాదు. ఒక వాగులో రెండు మూడు నియోపెర్లా జాతులు కలిసి ఉండవచ్చు. జత కట్టినప్పుడు పట్టినవి గానీ, డీఎన్ఏ సరిపోలినవి గానీ అయితేనే ఆడదాన్ని వర్ణనలో చేర్చండి. లేకపోతే ఆడ పురుగు తెలియదని రాసేయడం నిజాయితీ.

డీఎన్ఏ బార్‌కోడ్

కుడి వైపు మధ్య కాలు తీసుకోండి, ఎడమ వైపు అన్నీ ఉంచండి. మైటోకాండ్రియాలోని సీఓ1 జన్యువులో 658 న్యూక్లియోటైడ్ల ముక్కను, అంటే జాతిని గుర్తించడానికి వాడే బార్‌కోడ్‌ను, ఎల్‌సీఓ1490, హెచ్‌సీఓ2198 ప్రైమర్లతో (ఆ ముక్క రెండు కొనలకూ అతుక్కునే చిన్న డీఎన్ఏ తునకలతో) పెంచుతారు. వచ్చిన వరసను అకశేరుక మైటోకాండ్రియా సంకేతంతో ప్రోటీన్‌గా మార్చి చూడండి. మధ్యలో స్టాప్ కోడాన్ (ప్రోటీన్ తయారీ ఆపమనే సంకేతం) వచ్చినా, మూడుతో భాగించలేని ఖాళీలు ఉన్నా అది అసలు జన్యువు కాకుండా, కేంద్రకంలోకి చేరిన నకలు కావచ్చు.

రెండు శాతం తేడా ఉంటే కొత్త జాతి అన్న సూత్రాన్ని గుడ్డిగా వాడకండి. దూరపు కొండల మధ్య ఒకే జాతిలోనూ అంత తేడా ఉండొచ్చు. బార్‌కోడ్ ఈడియాగస్‌కు తోడు సాక్ష్యమే గానీ దానికి బదులు కాదు.

నిజంగా కొత్తదేనా?

ప్లెకోప్టెరా స్పీసీస్ ఫైల్ అనే ఆన్‌లైన్ సూచిక తెరిచి, భారతదేశం, శ్రీలంక, మయన్మార్, ఇంకా చుట్టుపక్కల దేశాల నియోపెర్లా పేర్లన్నీ రాసుకోండి. ప్రతి పేరుకీ మొదటి వర్ణన చదవాలి. ఇక్కడే ఎక్కువ కాలం పడుతుంది. నీధమ్, ఎండర్‌లైన్, క్లపాలెక్, బ్యాంక్స్ కాలం నాటి వర్ణనల్లో చాలావరకు రంగు, పరిమాణం తప్ప ఇంకేం ఉండవు. కొన్నిటికి ఆడ పురుగే టైప్, అంటే పేరుకు ఆధారమైన నమూనా. అలాంటి పేరు మీ పురుగుదే అయ్యుండే అవకాశాన్ని తీసిపారేయలేం. జ్విక్ వంటి నిపుణులు పాత టైపులను మళ్లీ చూసి బొమ్మలు గీసిన పునఃపరిశీలనలు ఉన్నచోట ముందు వాటినే చూడండి. లేనిచోట టైప్ ఉన్న మ్యూజియానికి రాసి ఫోటోలు అడగండి: నీధమ్ 1909లో రాసిన భారతీయ నమూనాలు కోల్‌కతా ఇండియన్ మ్యూజియం సేకరణవి, బ్యాంక్స్ టైపులు హార్వర్డ్ మ్యూజియంలో ఉన్నాయి.

టైప్ ఆడది మాత్రమే అయి, మీ పురుగు కూడా అదే ప్రాంతానిదైతే, కొత్త పేరు పెట్టకముందు ఆ టైప్ దొరికిన చోటికే వెళ్లి మగవాటిని పట్టి చూడాలి. కొత్త పేరు కంటే పాత పేరుకు దొరికిన మగ పురుగు వర్ణన ఈ ప్రజాతికి చాలాసార్లు ఎక్కువ మేలు చేస్తుంది.

పేరు

జంతు నామకరణ అంతర్జాతీయ నియమావళి నాలుగో కూర్పు 2000 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మనకు పనికొచ్చే నియమాలు ఇవి.

పేరు లాటిన్ లిపిలో, జాతి భాగం చిన్న అక్షరంతో, చుక్కలు గీతలు లేకుండా ఉండాలి. నియోపెర్లా స్త్రీలింగం కాబట్టి విశేషణం పెడితే స్త్రీలింగ రూపమే రావాలి: ‘నైజర్’ కాదు, ‘నైగ్రా’. ఊరి పేరుకు ‘ఎన్సిస్’ చేర్చవచ్చు. ఒక పురుషుడి పేరైతే చివర ‘ఐ’, ఒక స్త్రీ పేరైతే ‘ఏఈ’, పురుషులున్న బృందానికి ‘ఓరమ్’, అందరూ స్త్రీలైతే ‘ఆరమ్’. తెలుగు మాటనే నామవాచకంగా పెడితే, అది నామవాచకమని వ్యాసంలో స్పష్టంగా రాయండి. అప్పుడు ప్రజాతి మారినా ఆ పేరు మారదు. అదే ప్రజాతిలో ఆ పేరు ఇంతకుముందు ఎవరైనా వాడారేమో సూచికలో చూసుకోండి. వర్ణించేవారు తమ పేరే పెట్టుకోవడం మర్యాద కాదు.

ప్రచురణ అయ్యేదాకా ఆ పేరును సదస్సు సంగ్రహంలో గానీ, ముందస్తు ప్రతిలో గానీ, సామాజిక మాధ్యమంలో గానీ వాడకండి. ‘నియోపెర్లా జాతి ఎ’ అని రాస్తే చాలు.

రాయడం

వరస ఇలా: పేరు, కొత్త జాతి అన్న ప్రకటన, నమూనాల వివరాలు, భేద లక్షణాలు, వర్ణన, పేరు అర్థం, ఆవాసం, చర్చ.

నమూనాల్లో హోలోటైప్ ఒక్కటే, సాధారణంగా ఈడియాగస్ పూర్తిగా బయటికొచ్చిన మగది. దాన్ని స్పష్టంగా పేర్కొని, ఏ సంస్థలో ఉందో రాయకపోతే 1999 తర్వాత ప్రతిపాదించిన పేరు చెల్లదు. ఆ సంస్థ ఇచ్చే నమూనా నంబరును వ్యాసం పంపకముందే తెచ్చుకోండి.

భేద లక్షణాలంటే వర్ణనకు సంగ్రహం కాదు. దగ్గరి జాతులు రెండు మూడింటి పేర్లు చెప్పి, ఒక్కోదాని నుంచి ఏ లక్షణంతో వేరో చెప్పాలి. ‘సంచి మీద ముళ్లు ఉన్నాయి’ అంటే ఏ నియోపెర్లాకైనా సరిపోతుంది. ‘సంచి వెనుక వైపు మొదటి సగంలో పెద్ద ముళ్లు రెండు వరసల్లో ఉన్నాయి, ఫలానా జాతిలో ఆ చోట చిన్న ముళ్లే చెదురుగా ఉన్నాయి’ అంటే తర్వాతివారు చూసి తేల్చుకోగలరు.

వర్ణనలో తల నుంచి చివరికి వెళ్లండి: తల వెడల్పు, ఒసెల్లై మధ్య దూరం, ప్రోనోటం రంగు, ముందు రెక్క పొడవు, 7 నుంచి 10 దాకా వీపు పలకలు, ఈడియాగస్, ఆడది, గుడ్డు, తెలిస్తే పిల్ల పురుగు. కొలతలన్నిటికీ కనిష్ఠం, గరిష్ఠం, ఎన్నిటిని కొలిచారో ఇవ్వండి. బొమ్మల్లో తల ప్రోనోటం పైనుంచి, పొట్ట చివర పైనుంచి, పక్కనుంచి, ఈడియాగస్ పక్కనుంచి, వీపు వైపు నుంచి, కింది నుంచి ఉండాలి. ప్రతి బొమ్మకూ కొలత గీత ఉండాలి. పొరలు పొరలుగా తీసి కలిపిన ఫోటోలు అందంగా ఉంటాయి గానీ లేత ముళ్లను మింగేస్తాయి. ఈడియాగస్‌కు గీత బొమ్మ కూడా ఇవ్వండి.

ప్రచురణ, జమ

స్టోన్‌ఫ్లైలకే ప్రత్యేకమైన ‘ఇలీసియా’ ఉంది, ‘జూటాక్సా’, ‘జూకీస్’ వంటి వర్గీకరణ పత్రికలున్నాయి. ఎలక్ట్రానిక్‌గా మాత్రమే వచ్చే వ్యాసమైతే 2012 సవరణ ప్రకారం ప్రచురణకు ముందే జూబ్యాంక్‌లో (జంతు నామాల అధికారిక ఆన్‌లైన్ నమోదు పట్టికలో) నమోదై, ఆ నమోదుకు ఆధారం వ్యాసంలోనే కనిపించాలి, ప్రచురణ తేదీ అందులో ఉండాలి, జూబ్యాంక్ నమోదులో పత్రిక గుర్తింపు సంఖ్య, వ్యాసాన్ని శాశ్వతంగా భద్రపరిచే చోటు ఉండాలి. కొన్ని పత్రికలు ఇవన్నీ చేసిపెడతాయి, కొన్ని చేయవు. ప్రూఫు వచ్చినప్పుడు మీరే వెతికి చూసుకోండి.

హోలోటైప్ సీసాలో ఎర్ర చీటీ వెయ్యండి. పారాటైపులన్నిటినీ (హోలోటైప్‌తోపాటు వర్ణనకు వాడిన మిగతా నమూనాలను) ఒకేచోట పెట్టకుండా రెండు సంస్థల్లో ఉంచితే, ఒకచోట ఆల్కహాల్ ఎండిపోయినా రెండోచోట మిగులుతాయి. డీఎన్ఏ వరసలను జెన్‌బ్యాంక్ అనే ఆన్‌లైన్ డీఎన్ఏ భాండాగారంలో నమూనా నంబరుతో సహా చేర్చండి. వ్యాసం వెలువడ్డాక దాని ప్రతిని నమూనాలు ఉన్న సంస్థకు, అనుమతి ఇచ్చిన అటవీ అధికారికి పంపండి. ‘జాతి ఎ’ వంటి తాత్కాలిక పేరుతో మిగిలిపోయిన సీసాలన్నిటిలోకీ కొత్త పేరు చీటీ వెయ్యండి, పాత చీటీ మాత్రం తీయకండి.